జీడి పిక్కల రసానికి చేతులు బొబ్బలెక్కుతున్నాయి, ఏ గ్లోవ్స్ ఆగుతాయి?

నమస్కారం అండి. మాది పలాస దగ్గర పల్లె. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, ఆ తొక్కలోంచి కారే నూనె లాంటి రసం తగిలి వేళ్ల మధ్య నీటి బొబ్బలు లేచాయి, మంటకి రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదు. తొక్కలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయని తెలుసు. చిదిపితే చీము పడుతుందని బొబ్బల్ని ముట్టుకోలేదు.

చేతులకి ఆముదం, బూడిద రాసుకునే కూర్చుంటుంది గానీ పని సాగేకొద్దీ అది తుడుచుకుపోతుంది. మందపాటి గ్లోవ్స్ వేస్తే పప్పు చేతికి తెలియక విరిగిపోతుందట, ముక్కపప్పుకి రేటు తక్కువ కదా.

ఈ పని చేసేవాళ్లు, చర్మ డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పల్చటి నైట్రైల్ గ్లోవ్స్ ఈ రసానికి ఆగుతాయా? బొబ్బలు మానేదాకా పనికి వెళ్లకూడదా? చెప్తే అమ్మ వినదు, అందుకే టెన్షన్‌గా ఉంది.