వైజాగ్–అరకు–లంబసింగి సైకిల్ మీద: రిపేరు సామాను, ఘాట్ రోడ్డు, ఊళ్ళో రాత్రి బస

చక్రం_88:
జనవరి మొదటి వారంలో నేనూ మా ఫ్రెండూ వైజాగ్ నుంచి శృంగవరపుకోట, అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం మీదుగా తిరిగి వైజాగ్ రావాలని ప్లాను. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు రోజులు. నాది 700సి కొలత చక్రాల హైబ్రిడ్ సైకిల్, డిస్క్ బ్రేకులు, ప్రెస్టా వాల్వు (సన్నటి గాలి వాల్వు). వాడిది 26 అంగుళాల పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్), చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు. వాడు నాకంటే బాగా స్పీడు. దారిలో రిపేరు దొరుకుతుందా? ఘాట్‌లో ఏం చూసుకోవాలి? ఒక్క రాత్రయినా లాడ్జిలో కాకుండా ఊళ్ళో పడుకోవాలని ఉంది, ఎవర్ని ఎలా అడగాలి?

గాలిపంపు:
ఈ దారిలో మీ కొత్త బండి కంటే వాడి పాత బండే నయం. పిల్లల ఎంటీబీలు ఊరూరా ఉంటాయి కాబట్టి దాని ట్యూబు దొరుకుతుంది. అయితే 26 అని రాసున్నవన్నీ ఒకటి కాదు. ఎంటీబీ రిమ్ 559 మిల్లీమీటర్లు, లేడీస్ సైకిల్‌ది 590, టైరు అసలు ఎక్కదు. టైరు పక్కన అచ్చేసిన ఆ మూడంకెలు చూసే కొనండి.

మీ 700సి సామాను ఏజెన్సీలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. ట్యూబులు మూడు, మడత పెట్టే టైరు ఒకటి మీ దగ్గరే ఉండాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం మోటార్ సైకిల్ వాల్వుకి పడుతుంది, ప్రెస్టాకి పట్టదు. ఇత్తడి అడాప్టర్ రెండు కొనండి, వేలి కొనంత ఉంటుంది, ఇట్టే పోతుంది. వాల్వు మీది చిన్న నట్టు ముందు వదులు చేసి, తర్వాత అడాప్టర్ బిగించాలి. నట్టు వదలకుండా గాలి కొట్టి ‘ఎక్కట్లేదు’ అనేవాళ్ళే ఎక్కువ. షాపువాడు వేడి ప్యాచ్ వేస్తానంటే వద్దనండి, పల్చటి ట్యూబు ముడుచుకుపోతుంది. సొల్యూషన్ రాసి, మెరుపు పోయేదాకా ఆగి అతికించమనండి. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో తుడవండి. గుడ్డ పట్టుకున్న చోటే ముల్లుంటుంది.

బరువేస్తే ముందు తెగేది వెనక చక్రం గేర్ల వైపు పుల్ల (స్పోకు). దాన్ని మార్చాలంటే క్యాసెట్ (వెనక గేరు పళ్ళచక్రాల గుత్తి) విప్పాలి, ఆ పనిముట్టు ఊరి షాపులో ఉండదు. కాబట్టి మీ కొలత పుల్లలు నాలుగు ఫ్రేముకి టేపు చుట్టి పెట్టుకోండి, క్యాసెట్ పనిముట్టు సంచిలో వేసుకోండి. అప్పటిదాకా తెగిన పుల్లకి రెండు పక్కలా ఉన్నవి అరచుట్టు వదులు చేస్తే చక్రం ఊగడం తగ్గుతుంది. మీవి డిస్కులు కాబట్టి కాస్త ఊగినా బ్రేకుకి తగలదు.

ఘాట్_మామ:
మీరు అనుకున్న దిశే సరైనది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కాలి, చివర్లో లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగాలి. మనిషికి పది, పన్నెండు కిలోల సామాను దాటనివ్వకండి. ముందు గేరు చక్రానికి 30 పళ్ళు, వెనక పెద్దదానికి 32 లేదా 34 ఉంటే ఆ బరువుతో ఎక్కొచ్చు. ముందు 42 ఒక్కటే ఉన్న బండయితే నెట్టుకుంటూ నడవాల్సిందే. ఎక్కేటప్పుడు గంటకి ఆరేడు కిలోమీటర్లే లెక్కేసుకోండి.

స్పీడుగా తొక్కేవాడి మీద బరువెక్కువ పెట్టండి, గొడవలు సగం అక్కడే తీరతాయి. టెంటూ పనిముట్లూ వాడికివ్వండి. కానీ ట్యూబు, పంపు, డబ్బు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. సిగ్నల్ లేనిచోట పంక్చరై మీరు వెనకుంటే, పంపు ముందున్నవాడి దగ్గర ఉండి లాభమేంటి? అరగంటకోసారి వాడు ఆగాలి, దారి చీలే ప్రతి చోటా తప్పకుండా ఆగాలి.

దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే వాడి రిమ్ కాలిపోతుంది, లోపల ట్యూబుకి ప్యాచ్ వేసిన చోట ఊడుతుంది. మీ డిస్కుకైతే ప్యాడ్ గాజులా మెరిసి పట్టు పోతుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి, మలుపులో వదిలేయండి. జనవరిలో లంబసింగిలో తెల్లవారుజామున చలి ఒంటి అంకెలోకి పడిపోతుంది, పొగమంచులో లారీ పక్కకొచ్చేదాకా కనిపించదు. పొగమంచు విడేదాకా టీ కొట్టు దగ్గరే కూర్చోండి. దిగేముందు చొక్కా లోపల ఛాతీ మీద పాత పేపరు పెట్టుకుంటే గాలి కొట్టదు.

సంతబాట:
బస సంగతి నేను చెప్తా. జనవరిలో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. నాలుగున్నరకే ఊళ్ళో ఆగండి. చీకట్లో ఇద్దరు కొత్తవాళ్ళు తలుపు తడితే ఎవరికైనా భయమే. నేరుగా ఇంటికి వెళ్ళకుండా ముందు కిరాణా కొట్టు దగ్గర ఆగి ఏదైనా కొనండి, సర్పంచి గారి ఇల్లు అడగండి. "అయ్యా, వైజాగ్ నుంచి సైకిళ్ళ మీద వస్తున్నాం. ఈ రాత్రికి బడి అరుగు మీద పడుకుని తెల్లారగానే వెళ్ళిపోతాం" అంటే చాలు. ఆధార్ జిరాక్సు ముందే చేతికివ్వండి. ఒడిశా సరిహద్దు దగ్గర కాబట్టి పోలీసులు ఆపి అడగడం మామూలే, విసుక్కోకండి. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల వైపు మాత్రం వెళ్ళొద్దు.

దారి అడిగేటప్పుడు ‘ఎన్ని కిలోమీటర్లు’ అంటే ‘ఇక్కడే’ అంటారు, అది రెండు కావచ్చు, పన్నెండు కావచ్చు. ‘అటు బస్సు తిరుగుతుందా? ఘాటీ ఎక్కాలా?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. కొన్ని ఊళ్ళలో ఇంట్లో కువీ, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, పెద్దవాళ్ళకి మీ తెలుగు సరిగ్గా అందకపోవచ్చు. బడికెళ్ళే పిల్లల్ని అడగండి.

చోడి (రాగి) అంబలి ఇస్తే కాదనకుండా తాగండి. జీలుగు కల్లు మాత్రం సైకిలెక్కే ముందు వద్దు. అన్నం పెట్టినవాళ్ళ చేతిలో డబ్బు పెడితే నొచ్చుకుంటారు. కొట్లో నూనె ప్యాకెట్టూ కిలో కందిపప్పూ కొని ఇంటావిడకివ్వండి. పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు, తర్వాత వచ్చే ప్రతి సైకిల్ వెంటా పరిగెడతారు. దోమతెర మర్చిపోకండి, మలేరియా ఉన్న ప్రాంతం.

చక్రం_88:
చాలా థాంక్స్ అందరికీ. మధ్యలో బండి పూర్తిగా పాడైతే?

సంతబాట:
సర్వీసు జీపు పైన కట్టించుకుని పాడేరో నర్సీపట్నమో చేరండి. రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు, పది, ఇరవై, యాభై నోట్లుగా ఓ పదిహేను వందలు ఉంచుకోండి. పైన కట్టేటప్పుడు డిస్కు ఉన్న వైపు పైకి రావాలి. కింద పడుకోబెడితే బస్తాల బరువుకి వంగిపోతుంది.