సొంత క్యాసెట్ ఉంటే రోమ్ ఉంచుకోవచ్చన్న వాదన మనకు వర్తిస్తుందా?

పాతక్యాసెట్ (చర్చ ప్రారంభం)

పాత వీడియో గేమ్‌లను కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌ను పాత ఆట యంత్రంలా పనిచేయించే ప్రోగ్రాం) పెట్టుకుని ఆడడం తప్పా అని ఎవరైనా అడిగితే వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే: ఎమ్యులేటర్ తప్పు కాదు, అసలు క్యాసెట్ మీ దగ్గర ఉంటే దాని రోమ్ (క్యాసెట్‌లోని ఆటను కాపీ చేసిన ఫైలు) ఉంచుకోవడమూ తప్పు కాదు, లేకపోతే మాత్రం అది దొంగసొత్తే. ఇన్నేళ్లుగా నేనూ అదే చెబుతూ వచ్చాను. గత నెల తెనాలిలో మా ఇంటి అటక సర్దుతుంటే దొరికిన ఒక పసుపుపచ్చ క్యాసెట్ నన్ను ఆ మాట మీద నిలబడనివ్వలేదు.

1997 వేసవి సెలవుల్లో మా నాన్నగారు కొనిపెట్టిన టీవీ వీడియో గేమ్‌తో వచ్చిన క్యాసెట్ అది. పైన ‘9999 ఇన్ 1’ అని ఉంటుంది. పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి, డంపర్‌లో (క్యాసెట్‌లో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి ఫైలుగా తీసే పరికరం) పెట్టి చదివించాను. మొదటి మూడు సార్లు మూడు వేర్వేరు ఫైళ్లు వచ్చాయి. నాలుగోసారి, ఐదోసారి వచ్చినవి ఒక్క బైటు కూడా తేడా లేకుండా సరిపోయాక గాని నమ్మకం కుదరలేదు. మెనూలో వేల పేర్లున్నా లోపల ఉన్న ఆటలు ఏడు మాత్రమే. మిగిలిన పేర్లన్నీ ఆ ఏడింటికే, ఒకటి మూడో లెవెల్ నుంచి మొదలయ్యేట్టు, ఇంకొకటి ముప్పై ప్రాణాలతో మొదలయ్యేట్టు తగిలించినవి. మూత విప్పితే పచ్చటి బోర్డు మీద కంపెనీ పేరున్న చిప్ లేదు, తారుబొట్టులా గట్టిపడిన నల్లటి జిగురు ముద్ద ఉంది. మొదటి ఆట టైటిల్ తెర మీద తయారీదారు పేరు, సంవత్సరం ఉండవలసిన చోటు నల్లగా ఖాళీగా ఉంది. ఎవరో పనిగట్టుకుని చెరిపేశారు.

అంటే నా దగ్గరున్న ‘అసలు’ కూడా నకలే. డబ్బు పెట్టి కొన్నాం, పాతికేళ్లకు పైగా దాచుకున్నాం, అయినా ఆ ఆటలు తయారుచేసిన వారికి అందులో పైసా కూడా చేరి ఉండదు. మన ఊళ్లలో గంటకింతని అద్దెకిచ్చిన వీడియో గేమ్ దుకాణాల్లోనూ ఎక్కువగా నడిచినవి ఇలాంటి క్యాసెట్లే. మరి ‘సొంత క్యాసెట్ ఉంటే సరి’ అన్న సూత్రం మనలో ఎంతమందిని కాపాడుతుంది? కాపాడకపోతే, మనం ఏ ప్రాతిపదికన ఆడుతున్నామని చెప్పుకోవాలి?

సెక్షన్52

మీ అనుమానం చట్టరీత్యా సరైనదే. మన కాపీరైట్ చట్టం, 1957లోని 52(1)(ఎఎ) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం ప్రతిని ‘చట్టబద్ధంగా కలిగి ఉన్న’ వ్యక్తి, అది నశించిపోకుండా తాత్కాలిక రక్షణగా మాత్రమే బ్యాకప్ తీసుకోవచ్చు. మీ క్యాసెట్ మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. పైగా 63బి సెక్షన్ గురించి చాలామందికి తెలియదు: అక్రమ ప్రతి అని తెలిసి కూడా ఒక ప్రోగ్రాంను కంప్యూటర్‌లో వాడడమే ఆ సెక్షన్ కింద నేరం, అమ్మనక్కరలేదు. దానికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసమో వ్యాపారం కోసమో వాడనప్పుడు కోర్టు కారణాలు నమోదు చేసి, జైలు శిక్ష వేయకుండా 50 వేలు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. కాబట్టి డంప్ చేయక ముందు మీకు తెలియదని చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు ఇక్కడ ఇంత వివరంగా రాశాక ఆ వీలు లేదు (ఇది నవ్వుతూ అంటున్నాను గాని, వాదన మాత్రం నిజమే).

ఎమ్యులేటర్ సంగతి వేరు. సోనీ ప్లేస్టేషన్ ఆటలను మ్యాక్ కంప్యూటర్‌లో నడిపించిన కనెక్టిక్స్ కంపెనీపై అమెరికాలో దావా పడినప్పుడు, లోపలి పనితీరు తెలుసుకోవడం కోసం సోనీ బయోస్‌ను (యంత్రాన్ని నడిపించే లోపలి ప్రోగ్రాం) మధ్యలో కాపీ చేసుకున్నప్పటికీ అది న్యాయమైన వాడుకేనని 2000లో అప్పీలు కోర్టు తేల్చింది. అమ్మిన ప్రోగ్రాంలో సోనీ రాసిన కోడ్ లేకపోవడం అక్కడ కీలకమైంది. మన చట్టంలో 52(1)(ఎబి) ఇలాంటి పనికే కొంత చోటిచ్చింది.

తాటిముంజ

నలభై ఏళ్ల నాటి ఆట ఒకడు ఇంట్లో కూర్చుని ఆడుకుంటే నష్టపోయేదెవరు? అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. దీనికి సెక్షన్లు వెతకడం దోమ మీదకు ఫిరంగి ఎక్కుపెట్టడమే.

పిక్సెల్‌కూలీ

తాటిముంజ గారూ, ‘అమ్మేవాడు లేడు’ అన్న మాటను అంత తేలికగా అనలేం. నేను హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. మా పేర్లు క్రెడిట్లలో ఎక్కడో చివర, చిన్న అక్షరాల్లో ఉంటాయి, అయినా ఆ ఆట అమ్ముడుపోతేనే మా తర్వాతి ప్రాజెక్టు నిలుస్తుంది. పాత ఆటలకు గిరాకీ లేదన్నది కూడా నిజం కాదు. 2016లో నింటెండో 30 పాత ఆటలను ఒక చిన్న పెట్టెలో పెట్టి అమ్మితే అది దుకాణాల్లో దొరకక జనం వెతుక్కున్నారు. ఆ పెట్టెలో ఉన్నదీ ఎమ్యులేటరే. 2018లో సోనీ తెచ్చిన 20 ఆటల పెట్టెలోనైతే బయటివారు రాసిన ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్‌నే వాడారు. అంటే ఎమ్యులేటర్ చెడ్డదని ఆ కంపెనీలు కూడా అనలేవు, వారు అడిగేది తమ ఆట ఎప్పుడు, ఎలా తిరిగి రావాలో నిర్ణయించుకునే హక్కు తమకు ఉండాలని మాత్రమే.

‘పాతవే కదా’ అని మొదలైన వాదన ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. నింటెండో వారి స్విచ్ యంత్రానికి ఎమ్యులేటర్ అయిన యూజు మీద 2024 ఫిబ్రవరిలో వేసిన దావాలో, 2023లో రావలసిన జెల్డా ఆట విడుదలకు ముందే పది లక్షలకు పైగా సార్లు అక్రమంగా డౌన్‌లోడ్ అయిందని నింటెండో ఆరోపించింది. వారం తిరిగేసరికి యూజు వారు 24 లక్షల డాలర్లకు రాజీపడి ప్రాజెక్టును మూసేశారు. అంగట్లోకి కూడా రాని సరుకును పాత సరుకని ఎవరైనా అనగలరా?

స్కాన్‌లైన్

నిన్నటి ఆటనూ 1985 నాటి ఆటనూ ఒకే గాటన కట్టడం దగ్గరే నేను విభేదిస్తున్నాను. పాత ఆట రోమ్ ఫైలులో మాత్రమే ఉండదు, అది నడిచిన యంత్రంలోనూ టీవీలోనూ సగం ఉంటుంది. తుపాకీతో బాతులను కాల్చే ఆటనే తీసుకోండి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సార్‌కు ఆ వెలుగు కనబడితే బాతు పడినట్టు లెక్క. పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ అందిన వెంటనే గీస్తుంది కాబట్టి లెక్క కుదిరేది. నేటి ఎల్‌సీడీ కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది, దాంతో గురి ఎంత బాగా పెట్టినా బాతు పడదు. అసలు పెట్టె, అసలు క్యాసెట్, అసలు తుపాకీ మూడూ ఉన్నవాడు కూడా కొత్త టీవీ ముందు ఆ ఆట ఆడలేడు, ఎమ్యులేటర్ ఉన్నవాడు మౌస్‌తో ఆడగలడు.

ఆటను సేవ్ చేసుకునే క్యాసెట్లలో గుండీ బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయిన రోజున అందులో మనం దాచుకున్నదంతా పోతుంది. చిప్‌లు కూడా శాశ్వతం కావు. వీటిని తయారుచేసిన కంపెనీలు చూసుకుంటాయని నమ్మడానికి నాకు పెద్దగా ఆధారం కనబడడం లేదు: నింటెండో 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చి 27న అమ్మకాలు ఆపేశాయి, అక్కడ మాత్రమే దొరికిన ఆటలను ఇప్పుడు డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినా కొనలేం.

ఎడిసన్‌తెలుగు

స్కాన్‌లైన్ గారి మాటకు అంకె కూడా ఉంది. నేనుండేది న్యూజెర్సీలో. ఈ దేశంలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవు. కనీసం గ్రంథాలయాలు అలాంటి ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించుకోనివ్వమని అడిగితే, 2024 అక్టోబరులో కాపీరైట్ కార్యాలయం అదీ కుదరదంది. కంపెనీ సొత్తుగా ఉన్న 1985 నాటి ఆటకు ఇక్కడ 95 ఏళ్ల హక్కు, అంటే 2080 దాకా. పిక్సెల్‌కూలీ గారు చెప్పిన హక్కు సరే, అమ్మకుండా అటకెక్కించినవాడికి కూడా అంతే హక్కు ఉండాలా?

పిక్సెల్‌కూలీ

అమ్మకంలో లేని ఆటల విషయంలో చట్టం మారాలన్న మాటతో నాకు పేచీ లేదు, గ్రంథాలయాలకు ఆ అనుమతి ఇవ్వకపోవడం నాకూ నచ్చలేదు. కాని ఈ వేదికలో రోమ్‌ల గురించి అడిగేవారిలో ఎక్కువమంది అడుగుతున్నవి ఆ 87 శాతంలోని ఆటలా, లేక ఈ రోజుకీ చందా కట్టి ఆడుకోగల మారియోనా? నేను చూసినంతలో రెండోదే. భద్రపరచడం అన్న పెద్ద మాటను ఉచితంగా దొరికించుకోవడానికి గొడుగుగా పట్టుకోవద్దన్నదే నా మనవి.

పాతక్యాసెట్

పిక్సెల్‌కూలీ గారి చివరి మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నా ఏడింటిలో నాలుగు ఆటలు ఇప్పటికీ అధికారికంగా అమ్మకంలో ఉన్నవే. వాటిని కంప్యూటర్ నుంచి తీసేశాను. ఆడాలనిపిస్తే కొనుక్కుంటాను. చిన్నప్పుడు మా నాన్నగారు ఇచ్చిన డబ్బు చేరవలసిన చోటికి చేరలేదు గనుక ఇప్పుడైనా చేరుతుంది.

మిగతా మూడింటి విషయంలో సెక్షన్52 గారు చెప్పిన చట్టం నా పక్షాన లేదని ఒప్పుకుంటూనే వాటిని ఉంచుకుంటున్నాను. ‘నా దగ్గర క్యాసెట్ ఉంది’ అని మాత్రం ఇక చెప్పను. ఎక్కడా కొనలేనివి కాబట్టి ఉంచుకున్నానని చెబుతాను, అది తప్పన్నవారితో వాదించను.

ఒక్క సంగతి మాత్రం మీ అందరినీ అడగాలి. ఆ మెనూ తెర ఉంది చూశారూ, సముద్రం మీద సూర్యాస్తమయం, ఎగిరే పక్షులు, ఎక్కడిదో తెలియని ట్యూను, దాని కింద వేల అబద్ధపు పేర్లు. అది ఏ కంపెనీ ఆటా కాదు. ఎవరు గీశారో, ఎవరు రాశారో క్యాసెట్ మీద ఎక్కడా లేదు, హక్కు అడగడానికి ఎవరూ రారు, మళ్లీ విడుదల చేసేవారూ ఉండరు. నా చిన్నతనంలో నేను అందరికంటే ఎక్కువసార్లు చూసిన తెర అదే. మీ ఇళ్లలో ఇలాంటి క్యాసెట్లు ఉంటే, ఆటల మాట పక్కన పెట్టి, ముందు ఆ మెనూలను డంప్ చేయగలరా? పిన్నులు రుద్దడానికి తెల్ల రబ్బరు వాడండి, ఇంకు చెరిపే గరుకు రబ్బరు పెడితే పైపూత లేచిపోతుంది.

సెక్షన్52

మా అన్నయ్య దగ్గర ‘64 ఇన్ 1’ ఒకటి ఉండాలి. ఆదివారం వరంగల్ వెళ్తున్నాను, చూస్తాను. దీనికి సెక్షన్ అడగకండి.