ఫంక్షన్ల బకెట్ బిర్యానీ తిని సగం మంది పడకేసిన్రు, హోటలోని మీద కేసు నిలబడుతదా?

ఓరుగల్లు_పోరడు
అన్నలూ అక్కలూ, మొన్న ఆదివారం మా చెల్లె ఓణీల ఫంక్షన్. వంటోళ్లు దొరకక హన్మకొండల ఒక హోటల్ల బకెట్ బిర్యానీ చెప్పినం. చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ, ఉడకబెట్టిన గుడ్లు. వాళ్లు పొద్దున పదింటికే బకెట్లు తెచ్చి పడేసి పోయిన్రు. భోజనాలు మొదలయ్యేసరికి రెండు దాటింది. సోమవారం తెల్లారేసరికి తిన్నోళ్లల్ల సగం మందికి కడుపునొప్పి, విరేచనాలు, జ్వరం. మా మేనత్తకు సెలైన్ ఎక్కించిన్రు. హోటలోన్ని అడిగితే "గదే బిర్యానీ మా దగ్గర కూసోని తిన్నోళ్లు ఎవలూ ఒక్క మాట అనలే, మీ ఇంట్ల పెరుగే ఖరాబైంది కావచ్చు" అంటున్నడు. పెరుగు చట్నీ గూడ ఆడిచ్చిందే!

అడిగేది మూడు ముచ్చట్లు. కంప్లైంట్ ఎవలకియ్యాలె? దవాఖాన కాయితాలు పనికొస్తయా? ఒక బకెట్ల కొంచెం మిగిలితే ఫ్రిజ్‌ల పెట్టిన, దాన్ని ల్యాబ్‌కు ఇయ్యొచ్చా?

గోదారి_గట్టు
ముందు మయొనైజ్, అదే గుడ్డు, నూనె కలిపి చిలికే తెల్ల సాస్, ఉందో లేదో చెప్పండి బాబూ. ఈ మధ్య దేనికైనా ఓ తెల్ల డబ్బా తగిలించి పంపుతున్నారు. 2024లో హైదరాబాదులో మోమోలు తిని ఒకావిడ చనిపోయి, అంతమంది ఆసుపత్రుల పాలయ్యాకే కదండీ అక్టోబర్ 30న పచ్చి గుడ్డు మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది తెలంగాణ? కేరళ వాళ్లు ఈ పని 2023 జనవరిలోనే చేశారు. మా భీమవరంలో సాయంత్రమైతే ప్రతి బండి మీదా ఆ డబ్బాయే.

మోమో_బండి
వచ్చిండ్రా మళ్లీ మయొనైజ్ మీదికి. నేను దిల్‌సుఖ్‌నగర్ దిక్కు బండి పెట్టుకొని బతికెటోన్ని. మయో నేనే చేసుకునేటోన్ని, పొద్దుగాల చేస్తే రాత్రికి మిగిలింది పారబోసుడే. ఎవ్వనికీ ఏం కాలే. ఎవడో చేసిన పాపానికి ఇప్పుడు నా బండి దగ్గరికొచ్చి జనం "అన్నా గిది తింటే సస్తమా" అని నవ్వుకుంట అడుగుతున్నరు. పెద్ద హోటళ్ల వంటింట్ల బొద్దింకలు తిరుగుతుంటే నోటీసు చేతిల పెట్టి పోతరు, బండోడైతే బండే ఎత్తుకపోతరు.

ల్యాబ్_కోట్
మోమో తమ్ముడూ, పొద్దున చేసి రాత్రికి పారబోస్తున్నావు సరే, ఆ మధ్యలో ఫ్రిజ్‌లో ఉందా, బండి మీదే ఉందా? సమస్యంతా అక్కడే. గుడ్డు పెంకు మీదే కాదు, ఒక్కోసారి లోపల కూడా సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. అట్టు వేసుకుంటే చస్తుంది, మయొనైజ్‌లో అసలు పొయ్యి ముఖమే చూడదు కదా. ఆ నిషేధం కూడా పచ్చి గుడ్డుతో చేసే దానికే పెట్టారు. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి చేసిన గుడ్డుతోనో, గుడ్డు లేకుండానో చేసుకుంటే ఎవరూ ఆపలేదు.

పోరడు గారికి: మధ్యాహ్నం తింటే జబ్బు మర్నాడు తెల్లవారుజామున, అదీ జ్వరంతో వచ్చిందంటున్నారు. తిన్న గంట రెండు గంటల్లోనే వాంతులైతే స్టెఫిలోకాకస్, బాసిల్లస్ సీరియస్ లాంటి క్రిములు తిండిలో ముందే తయారు చేసి పెట్టిన విషాన్ని అనుమానిస్తాం. సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి మూడు రోజులదాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మనవాళ్లు మాత్రం ఎప్పుడూ ఆఖరున తిన్నదాన్నే తిడతారు. డాక్టరు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మల పరీక్ష, కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించారా? చేయించకపోతే దవాఖాన కాయితంలో "గ్యాస్ట్రోఎంటరైటిస్" (కడుపు, పేగుల వాపు) అని ఉంటుంది, అంతే. దాంతో ఏ క్రిమో తేలదు.

వంటశాల_రాజు
నేను రెండు దశాబ్దాలుగా కేటరింగ్‌లో ఉన్నాను. ఐదువేల మంది పెళ్లిళ్లు చేశాను. మా వంట తిని ఒక్కడికి కడుపునొప్పి వచ్చిందని చూపిస్తే మీసం తీయించుకుంటాను. ఇక్కడ ఈ సైన్సు అంతా అనవసరం. వడ్డించే ముందు బకెట్లో బిర్యానీ మళ్లీ ఒకసారి సెగ తగిలేలా వేడి చేసుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు. తప్పు ఫంక్షన్ వాళ్లది. నాలుగు గంటలు మూత పెట్టి ఉంచింది ఎవరు?

ల్యాబ్_కోట్
రాజుగారూ, దీన్ని మాత్రం ఒప్పుకోను. వేడి చేస్తే క్రిములు చస్తాయి. అవి అప్పటికే వదిలిన విషం చావాలని లేదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా బతికే ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి వాంతుల విషం తయారు చేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచినా పోదు. మీ గ్యాస్ పొయ్యి దాన్నేం చేస్తుంది? 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య వండినదాన్ని నిలవ పెట్టకూడదు. పదింటికి తెచ్చిన బకెట్టు రెండింటికి ఎంత వేడి మీద ఉంటుందో మీకే బాగా తెలియాలి.

వంటశాల_రాజు
మా తాత, మా నాన్న, నేను. మూడు తరాలు. థర్మామీటర్లు పెట్టుకుని వండలేదు మేము. బిర్యానీ మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి చూసి చెప్తాను ఎంత వేడి ఉందో. పుస్తకం చదివి వంటవాళ్లకి పాఠాలు చెప్పొద్దు అమ్మా.

సీమ_సుబ్బడు
ఏందక్కా మీరు చెప్పేది. అన్నం నిలవ ఉంటే విషమంటాండారు, మా కడప పక్క పల్లెల్లో జనం తరతరాలుగా సద్దన్నం తినే పొలాలకు పోతాండారు. మా అవ్వ తొంభై దాటినా రాత్రి అన్నంలో గంజి పోసి పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకొని తిని మేకల్ని తోలుకొని పోతాంది. పెద్దల మాట సద్దిమూట అని ఊరికే అన్నారా? ఈ క్రిములన్నీ టౌనోళ్లకే వస్తాయా ఏమి?

ల్యాబ్_కోట్
సద్దన్నం వేరు, మిగిలిపోయిన అన్నం వేరు సుబ్బడు గారూ. మీ అవ్వ నీళ్లో గంజో పోసి మూత పెడుతుంది. రాత్రికి రాత్రి అది పులిసి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, ఆ పులుపులో చెడ్డవాటి పెరుగుదల తగ్గిపోతుంది. పైగా అది ఒక ఇంటికి సరిపడా చిన్న కుండ, వార్చగానే చల్లారుతుంది. యాభై కిలోల డేగిసాలో మధ్యన ఉన్న అన్నం, మాంసం సాయంత్రానికి కూడా గోరువెచ్చగానే ఉంటాయి. దానికీ దీనికీ పోలికెక్కడ?

గోదారి_గట్టు
మా వైపు తరవాణీ అంటారండీ, మట్టి కుండలో. ఆ పులిసిన నీళ్ల రుచే వేరు. ఇప్పుడు స్టార్ హోటళ్లలో సద్దన్నాన్ని చిన్న పిడతలో పెట్టి రెండొందలకి అమ్ముతున్నారంట.

సీమ_సుబ్బడు
రెండొందలా! మా అవ్వకి చెప్తే ఆ హోటల్ ముందరే కుండ పెట్టుకొని కూచుంటాది.

క్వీన్స్_కిరణ్
ఇండియాలో అసలు రూల్స్ అంటూ ఉన్నాయా అని డౌట్. ఇక్కడ న్యూయార్క్‌లో 2010 నుంచి ప్రతి రెస్టారెంట్ అద్దం మీద ఎ, బి, సి అని హెల్త్ డిపార్ట్‌మెంట్ గ్రేడ్ అతికించాల్సిందే. సి ఉంటే లోపలికి అడుగు పెట్టం. మనవాళ్లకి ఆ సంస్కారం ఎప్పుడొస్తుందో.

మోమో_బండి
అన్నా, ఆడ గింత గ్రేడులుండి గూడ 2024ల బర్గర్లల్ల ఉల్లిగడ్డలు తిని జనం ఆసుపత్రుల పడ్డరు కదా, ఒకలు సచ్చిపోయిన్రు కూడా. పేపర్ల సదివిన. మీ ఉల్లిగడ్డలకు ఏ గ్రేడు ఇచ్చిన్రు మరి?

క్వీన్స్_కిరణ్
అది సప్లై చెయిన్ సమస్య, వేరే టాపిక్. కనీసం ఇక్కడ రోజుల్లో కనిపెట్టి, ఉల్లిపాయలు వెనక్కి తీయించారు. ఏ ఊళ్లో ఎంతమందో లెక్క ఉంది. అక్కడ లెక్కే ఉండదు.

ల్యాబ్_కోట్
లెక్క మాట నిజమే. అమెరికాలో ఏటా 4.8 కోట్ల మంది తిండి వల్ల జబ్బు పడతారని వాళ్ల రోగ నియంత్రణ సంస్థ సీడీసీయే అంచనా వేసింది. అంచనా ఉంది కాబట్టి అంత పెద్దగా కనబడుతోంది. మన ఆహార భద్రత చట్టంలోనూ 35వ సెక్షన్ ఉంది, ఫుడ్ పాయిజనింగ్ కేసులు చూసిన డాక్టర్లు అధికారులకు తెలపాలని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నోటిఫై చేయొచ్చు. మేనత్తకు సెలైన్ పెట్టిన డాక్టరు ఎవరికైనా ఫోన్ చేశాడా? అదీ సంగతి.

ఓరుగల్లు_పోరడు
అయ్యా, నేనడిగింది ఏంది, మీరు మాట్లాడుతున్నది ఏంది? సద్దన్నం, న్యూయార్క్, బర్గర్లు! రాజుగారు తప్పు మాదే అంటున్నడు. రెండింటికి భోజనాలని ముందే చెప్పినా పదింటికే తెచ్చి పడేసింది ఎవలు? "గరంగ ఉంటది భయ్యా, ఏం కాదు" అన్నది ఎవలు? ఫ్రిజ్‌ల బకెట్ అట్లనే ఉన్నది. మా అమ్మ దాన్ని పారెయ్యమని రోజూ లొల్లి పెడుతున్నది.

కోర్టు_పక్షి
పోరడు గారూ, బకెట్ పారేయకండి, కానీ దాని మీద ఆశ కూడా పెట్టుకోకండి. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుకి ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు. తిరకాసు ఏంటంటే, పరీక్ష చేయిస్తానని కొనేటప్పుడే హోటల్ వాడికి చెప్పాలి. బిర్యానీ ఆర్డర్ ఇస్తూ "ఇది ల్యాబ్‌కి పంపుతాను" అని ఎవరంటారండీ? చట్టం రాసినవాళ్లు ఎప్పుడూ పార్శిల్ తెచ్చుకున్నట్టు లేరు.

చేయాల్సింది: జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆయన పైన ఉండే డెసిగ్నేటెడ్ ఆఫీసరుకు ఒక కాపీ. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్‌లోనూ పెట్టండి, నంబరు వస్తుంది. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరుందా చూడండి, 2022 జనవరి నుంచి బిల్లు మీద అది తప్పనిసరి. లేకపోతే అదే మీ మొదటి ఆయుధం. ఆఫీసరు వచ్చి తీసే శాంపిల్ నాలుగు భాగాలవుతుంది, ఒకటి అనలిస్టుకి, అక్కడి నుంచి 14 రోజుల్లో రిపోర్టు రావాలి. రావాలి అని మాత్రమే అంటున్నాను.

డబ్బు విషయానికొస్తే, ఈ చట్టం 65వ సెక్షన్లో చనిపోతే తక్కువలో తక్కువ 5 లక్షలు, తీవ్రమైన హాని అయితే 3 లక్షలదాకా, మిగతావాటికి లక్షదాకా పరిహారం ఉంది. మీలాంటి వాళ్లకి జిల్లా వినియోగదారుల కమిషనే దగ్గరి దారి. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపు వేయాలి. తిన్నవాళ్ల పేర్లు, ఎవరు ఏం తిన్నారు, ఎవరికి ఎన్నింటికి మొదలైంది, ఇవన్నీ ఈ రోజే కాయితం మీద పెట్టండి. బిర్యానీ తినకుండా చట్నీ ఒక్కటే తిన్నవాళ్లు, శాకాహారులు ఎవరైనా ఉంటే వాళ్లకేమైందో కూడా రాయండి.

ఓరుగల్లు_పోరడు
దేవుడా, ఒక్కరన్నా జవాబు చెప్పిన్రు. పక్షి అన్నా, మా పెద్దమ్మ శాకాహారి. చట్నీతోని ఉత్త అన్నం తిన్నది, ఆమెకేం కాలే.

ల్యాబ్_కోట్
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది! అంటే చట్నీ మీద అనుమానం తగ్గింది, చికెన్, గుడ్ల వైపు పెరిగింది. ఒక్కరితో తేలదు, ఇంకా అడగండి. గుడ్లు తినకుండా బిర్యానీ తిన్నవాళ్లున్నారా?

వంటశాల_రాజు
చికెన్ ముక్క ఎముక దగ్గర ఎర్రగా ఉందా అని అడగండి. ఉంటే వాడు దమ్ సరిగ్గా వేయలేదు. నేనైతే ముందు ఒక ముక్క విరిచి చూడందే బకెట్ కదలనివ్వను. అయినా నూనె సంగతి ఎవరూ అడగలేదు. టీపీసీ, అంటే పదే పదే కాగిన నూనెలో పేరుకునే పాడు పదార్థం, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 నుంచి రూలుంది. ఎంతమంది హోటల్ వాళ్ల దగ్గర ఆ మీటరుంది? నా దగ్గరుంది.

సీమ_సుబ్బడు
ఇంతసేపూ థర్మామీటర్ వద్దంటివి, నూనెకు మాత్రం మీటర్ ఉందంటాండావే రాజన్నా?

ఓరుగల్లు_పోరడు
అప్‌డేట్. కంప్లైంట్ ఇచ్చిన. ఆఫీసరు మర్యాదగనే మాట్లాడిండు, హోటల్‌కు పోయి వంటిల్లు చూసి శాంపిల్ గూడ తీసిండు. ఏ శాంపిల్? ఇయ్యాల వండిన బిర్యానీ! మొన్నటిది లేదు కద సార్ అంటే, ఉన్నదే తీస్తం బాబూ, లైసెన్సు, వంటింటి శుభ్రం మీద విడిగ నోటీసిస్తం అన్నడు. మాది మూత తీసిన బకెట్ అట, సీలు లేదని తీసుకోలే. బిల్లు మీద నంబరైతే లేదు, అది రాసుకున్నడు. వినియోగదారుల కమిషన్‌కు పక్షి అన్న చెప్పినట్టు లిస్ట్ తయారు చేస్తున్న. గుడ్లు తిననోళ్లు ఇద్దరు దొరికిన్రు, ఇద్దరూ పడకేసిన్రు.

మోమో_బండి
ల్యాబ్ అక్కా, పాశ్చరైజ్ చేసిన గుడ్డు అంటివి, గది హైదరాబాద్‌ల హోల్‌సేల్‌ల ఏడ దొరుకుతది? బేగంబజార్ల అడిగితే నా మొహం దిక్కు చూసిన్రు.

గోదారి_గట్టు
బేకరీలకి సామాను అమ్మే కొట్లలో అడగండి, వాళ్లకి తెలుస్తుంది. లేదంటే పాలు, నూనె మిక్సీలో కొట్టి గుడ్డు లేకుండా చేసుకోండి. కొంచెం నిమ్మరసం, ఆవపొడి. రుచి ఏమీ తగ్గదు. అదీ ఫ్రిజ్‌లోనే పెట్టాలండోయ్.