మేడ మీద కోతుల గోల: జాలీ కట్టించాలా, ఇంకేదైనా దారి ఉందా?

మాది విజయవాడ, మొగల్రాజపురం కొండ వైపు. పై వాటాలో ఉంటాం. సంక్రాంతి తర్వాత నుంచి పది, పన్నెండు కోతులు రోజూ పొద్దున్నే దిగుతున్నాయి. మొదట్లో జామకాయలు తెంపుకుపోతే ఊరుకున్నాం. ఇప్పుడు వాటర్ ట్యాంకు మూత లాగేసి అందులో జలకాలాడుతున్నాయి! మొన్న అత్తయ్యగారు ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లో ఒక్కటీ మిగల్లేదు. అదీ పోనీ అనుకుంటే, గురువారం మా చిన్నది అరటిపండు పట్టుకుని మెట్ల మీద నిలబడితే పెద్ద మగకోతి లాక్కుంటూ చెయ్యి గీరేసింది. పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆసుపత్రికి పరుగెత్తి రేబిస్ టీకా వేయించాం. అప్పట్నుంచి తలుపు తియ్యాలంటేనే టెన్షన్.

టపాసులు రెండు రోజులు పనిచేశాయి. పులి బొమ్మ పెడితే, నాలుగో రోజుకి దాని పక్కనే కూర్చుని పేలు చూసుకున్నాయి. కొండముచ్చును తెప్పించమని ఒకాయన సలహా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు, ఆ పని చెయ్యను.

అసలు చిక్కు పక్క పార్కులో ఉంది. వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఆంజనేయస్వామి అంటూ మంగళ, శనివారాల్లో అరటిపండ్లు, బిస్కెట్లు పెడతారు. వద్దంటే నన్నే పాపిష్టిదాన్ని చూసినట్టు చూస్తారు.

బాల్కనీకి ఇనుప జాలీ వేయించినవాళ్లు ఉన్నారా? పిల్లకోతి దూరకుండా కన్ను ఎంత ఉండాలి? నైలాన్ వల అయితే కొరికేస్తాయా? తిండి పెట్టేవాళ్లకి గొడవ కాకుండా ఎలా నచ్చజెప్పారు? పట్టించాలంటే అర్జీ కార్పొరేషన్‌కి ఇవ్వాలా, అటవీ శాఖకా?