మా వాడు డి ఆంజాలో చేరతానంటున్నాడు. ఇంట్లో "జూనియర్ కాలేజా?" అంటున్నారు

సన్నీవేల్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా వాడిది ఈ ఏడు ట్వెల్త్. యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో బర్కిలీ, లాస్ ఏంజలస్ క్యాంపస్‌లు రెండూ రాలేదు. వేరే రాష్ట్రంలో ఒకటి వచ్చింది గానీ ఏడాది ఖర్చు చూసి గుండె జారిపోయింది. వాడేమో "కుపర్టీనోలో డి ఆంజాలో రెండేళ్ళు చదివి యూసీకి మారతాను" అని పట్టుబట్టి కూర్చున్నాడు. మా మామగారు నరసరావుపేట నుంచి ఫోన్ చేసి, "అమెరికా వెళ్ళి జూనియర్ కాలేజీ ఏంటమ్మా, వాడు ఇంటర్ గానీ తప్పాడా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. మాకు గ్రీన్‌కార్డు ఉంది, ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళు. అక్కడ చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి ఆడపడుచు:
చెల్లీ, నేను చదివాను, మా అమ్మాయీ చదివింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు మీ మామగారి మాట. పేరు ఒకటే గానీ వస్తువు వేరు. మన జూనియర్ కాలేజీ అంటే పదకొండు, పన్నెండు. వీళ్ళది ఆ తర్వాతిది, అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ళు. 1901లో ఇలినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో ఒక హైస్కూలుకి అనుబంధంగా మొదలెట్టి, తర్వాత దానికి జూనియర్ కాలేజీ అని పేరు పెట్టారు. ఇప్పుడు వీటినే కమ్యూనిటీ కాలేజీ అంటారు. కాలిఫోర్నియాలో మొదటిది 1910లో ఫ్రెస్నోలో వచ్చింది. 1960 మాస్టర్ ప్లానులో యూసీ, స్టేట్ యూనివర్సిటీ, కమ్యూనిటీ కాలేజీ అని మూడు అంచెలు పెట్టి, కింది అంచెలో బాగా చదివినవాడు పైకి వెళ్ళేలా దారి వేశారు. మీ వాడు అడుగుతున్నది ఆ దారే. "డిగ్రీ ఫస్టియర్ చేరుతున్నాడు మామయ్యగారూ" అనండి, అబద్ధం కాదు.

డి ఆంజా 1967లో తెరిచారు. పూర్వం అది ద్రాక్షతోటల ఎస్టేటు. ఆ ఇంటివాళ్ళ తెల్లని మేడ ఇంకా క్యాంపస్‌లోనే ఉంది, అందులో కాలిఫోర్నియా చరిత్ర కేంద్రం నడుస్తోంది. ఆపిల్ స్థాపించిన వోజ్నియాక్ కొన్నాళ్ళు చదివింది ఇక్కడే. 1984 జనవరి 24న మాకింటాష్‌ని లోకానికి చూపించింది కూడా ఇక్కడి ఫ్లింట్ సెంటర్‌లోనే.

నా సంగతికొస్తే, బీకాం చేసి పదేళ్ళు ఇంట్లో ఉన్నాను. సీపీఏకి (మన సీఏ లాంటిది) కావలసిన అకౌంటింగ్ యూనిట్ల (క్రెడిట్ల) కోసం ముప్ఫై ఆరేళ్ళప్పుడు చేరాను. సాయంత్రం క్లాసు. మొదటి రోజు స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నా. ఒక పక్క పద్దెనిమిదేళ్ళ పిల్లాడు, ఇంకో పక్క తెల్లజుట్టు పెద్దాయన. బ్రేకులో ఆయన నా నోటుబుక్కు చూసి, డెబిట్ గడి వైపు వేలు పెట్టి "ఇది ఎడమ వైపుకే ఎందుకు?" అని అడిగారు. తెనాలిలో నేర్చుకున్నది గుర్తొచ్చి పూర్తిగా చెప్పాను. పదేళ్ళ తర్వాత నేను ఒకరికి పాఠం చెప్పడం అదే. ఇంటికొచ్చి ఆయన పేరు కూడా అడగలేదే అని బాధపడ్డాను.

నీకు ఉపయోగపడేది మా అమ్మాయి కథ. తను డి ఆంజా నుంచి యూసీ డేవిస్ క్యాంపస్‌కి వెళ్ళింది. మధ్యలో ఒక పొరపాటు జరిగింది. డి ఆంజాలో క్వార్టర్లు, పన్నెండు వారాలకొకటి. వేసవిలో తొందరగా అయిపోతుందని కాలిక్యులస్‌లో ఒక భాగం సెమిస్టర్లు నడిపే ఇంకో కాలేజీలో తీసుకుంది. ఫరవాలేదని అక్కడ ఒకరు చెప్పారు. తీరా అక్కడి సగం ఇక్కడి సగానికి అతకలేదు, మళ్ళీ చదవాల్సొచ్చింది. ఒక క్వార్టరు పోయింది, పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అందుకే చెబుతున్నా: కాలిక్యులస్ లాంటి భాగాలున్న సిరీస్ ఏ కాలేజీలో మొదలెడితే అదే కాలేజీలో ముగించమను. ఏ క్లాసు ఏ క్యాంపస్‌లో చెల్లుతుందో అసిస్ట్ అనే వెబ్‌సైటులో చూసుకోకుండా ఒక్కటి కూడా తీసుకోవద్దు.

మిల్పిటాస్ రవి:
అక్క చెప్పింది కరెక్ట్. టాగ్ గురించి, అంటే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి మారేవాళ్ళకి ముందే ఇచ్చే సీటు హామీ గురించి ఒక మాట. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు షరతులు నెగ్గితే సీటు గ్యారంటీ ఇస్తాయి. అందులో ఒక్కటే ఎంచుకోవాలి. బర్కిలీ, లాస్ ఏంజలస్, శాన్ డియాగోలకి గ్యారంటీ లేదు, మామూలుగా అప్లై చేసుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లకి (ముఖ్య సబ్జెక్టులకి) కొన్ని క్యాంపస్‌లు టాగ్ ఇవ్వవు, ముందే చూసుకోండి. టాగ్ ఫారం సెప్టెంబరులో, యూసీ అప్లికేషన్ వేరుగా. ఒకటి వేశాం కదా అని రెండోది వదిలేసిన వాళ్ళని చూశాను.

సన్నీవేల్ అమ్మ:
అక్కా, రవిగారూ, కళ్ళు తెరిపించారు. ఫీజు ఎంతవుతుంది? వాడికి కార్లంటే పిచ్చి, అక్కడ ఆ కోర్సు కూడా ఉందట కదా?

తెనాలి ఆడపడుచు:
కాలిఫోర్నియా నివాసులకి క్వార్టర్ యూనిట్‌కి 31 డాలర్లు. యూసీకి మారడానికి 90 యూనిట్లు కావాలి, అంటే 2,790. పుస్తకాలు, చిల్లర ఫీజులు, పార్కింగు వేరే.

ఉంది చెల్లీ, ఆటోమోటివ్ టెక్నాలజీ పేరున్న విభాగం. నర్సింగు కూడా ఉంది. ఇదే కాలేజీ డిస్ట్రిక్టు (ఒకే యాజమాన్యం) కింద ఉన్న ఫుట్‌హిల్ కాలేజీలో అయితే డెంటల్ హైజీన్‌లో (పళ్ళ శుభ్రత, సంరక్షణ) బ్యాచిలర్ డిగ్రీయే ఇస్తారు. వాడు ఇంజిన్ల వైపు వెళ్తానంటే బాధపడకు. ముందు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, రెండేళ్ళ క్లాసులూ కాగితం మీద రాయించుకుని రమ్మను. ఆ కాగితం ఫోటో తీసి మీ మామగారికి వాట్సాప్‌లో పంపు.