టార్ (మనం ఎవరో, ఏ సైటుకి పోతున్నామో దాచే నెట్‌వర్క్) లాంటి ప్రైవసీ సాఫ్ట్‌వేర్‌కి వాలంటీర్‌గా పనిచేయాలంటే మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసే మార్పు) ఎక్కడ వేయాలి?

రాత్రిగువ్వ:
కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. పైథాన్ బాగా వచ్చు, రస్ట్ నేర్చుకుంటున్నాను, సి చదివితే అర్థమవుతుంది, అంతవరకే. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, 8 జీబీ ర్యామ్. వారానికి ఐదారు గంటలు పెట్టగలను. టార్ బ్రౌజర్ బిల్డ్ చేద్దామంటే డిస్క్ చాలడం లేదు. దేనితో మొదలుపెట్టాలి? క్రిప్టోగ్రఫీ రానివాళ్లకి ఇందులో పని ఉంటుందా?

పాతతీగ:
టార్ బ్రౌజర్‌ని ప్రస్తుతానికి వదిలేయండి. అది ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) మీద పేర్చిన ప్యాచ్‌ల దొంతర. ఫైర్‌ఫాక్స్ ఒక్కదాని బిల్డ్‌కే కనీసం 30 జీబీ ఖాళీ ఉండాలి.

రస్ట్ వస్తోంది కాబట్టి ఆర్టి చూడండి. సి లో ఉన్న టార్‌ని రస్ట్‌లో మళ్లీ రాస్తున్న ప్రాజెక్టు అది, 1.0 వెర్షన్ 2022లో వచ్చింది. ముందు ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ), ఎస్‌క్యూలైట్ (డేటాబేస్ లైబ్రరీ) రెండింటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసుకోండి. ఎస్‌క్యూలైట్‌ది మరిచిపోతే కంపైల్ అంతా సాఫీగా నడిచి చివర్లో లింకర్ (ముక్కలన్నీ కలిపే టూల్) దగ్గర ఆగిపోతుంది, తప్పు రస్ట్‌దేమో అనిపిస్తుంది. 8 జీబీలో కార్గోకి (రస్ట్ బిల్డ్ టూల్) జాబ్స్ 2 అని పరిమితి పెట్టండి, లేకపోతే మెషిన్ స్వాప్‌లో పడి కదలదు. ప్రతిసారీ మొత్తం టెస్టులు నడపక్కర్లేదు, మీరు ముట్టుకున్న క్రేట్‌వి (రస్ట్‌లో ప్యాకేజీని అలా అంటారు) చాలు.

బిల్డ్ అయ్యాక ప్రాక్సీ సబ్‌కమాండ్‌తో నడిపితే 9150 పోర్టులో సాక్స్ ప్రాక్సీ (వేరే ప్రోగ్రామ్‌ల ట్రాఫిక్‌ని టార్‌లోకి పంపే దారి) వస్తుంది. కర్ల్‌తో (వెబ్ పేజీలు తెచ్చే కమాండ్‌లైన్ టూల్) పరీక్షించేటప్పుడు సాక్స్5 ఆప్షన్ కాదు, సాక్స్5 హోస్ట్‌నేమ్ ఆప్షన్ ఇవ్వాలి. మొదటిది ఇస్తే సైటు పేరుని మీ మెషినే డీఎన్ఎస్‌లో (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) అడుగుతుంది. ట్రాఫిక్ టార్‌లోంచే పోతుంది గానీ, ఎక్కడికి పోతున్నారో ముందే బయటపడిపోతుంది. ప్రైవసీ సాఫ్ట్‌వేర్‌లో బగ్ అంటే ఇలా ఉంటుంది: అన్నీ పనిచేస్తుంటాయి, ఎర్రర్ ఒక్కటీ కనిపించదు.

క్రిప్టో రాకపోవడం అడ్డు కాదు. వచ్చినా మొదటి ప్యాచ్ అక్కడ వేయకూడదు. కాన్ఫిగ్ తనిఖీలు, అర్థంకాని ఎర్రర్ సందేశాలు, టెస్టులు లేని ఫంక్షన్లు, పాతబడ్డ డాక్యుమెంటేషన్, ఇవి చాలు.

మూడోకన్ను:
కోడ్ కంటే ముందు మీ గిట్ సెట్టింగులు చూసుకోండి. పేరు, ఈమెయిల్ ప్రతి కమిట్‌లోనూ (గిట్‌లో నమోదయ్యే ప్రతి మార్పులోనూ) ఉంటాయి. ఒకసారి ప్రాజెక్టు కోడ్‌లో మెర్జ్ అయితే (కలిసిపోతే) అంతే సంగతులు, ఎందుకంటే పాత కమిట్ మారిస్తే దాని తర్వాత వచ్చిన కమిట్‌ల హ్యాష్‌లన్నీ (గుర్తింపు సంఖ్యలు) మారతాయి, మీ ఒక్కరి కోసం ఏ ప్రాజెక్టూ ఆ పని చేయదు. టార్‌లో మారుపేరుతో పనిచేయొచ్చు. సిగ్నల్ మెసేజింగ్ యాప్‌కి పంపాలంటే మాత్రం సీఎల్ఏ (మీ కోడ్ వాడుకునే హక్కులిచ్చే ఒప్పందం) మీద సంతకం అడుగుతారు, అది చదివాకే దిగండి. రెజ్యూమెలో చూపించుకోవాలనుంటే అసలు పేరే పెట్టండి, తప్పేం లేదు, కాకపోతే తెలిసి పెట్టండి. మారుపేరు పెట్టుకున్నవాళ్లు కూడా టైమ్‌జోన్ సంగతి మరిచిపోతారు: కమిట్ సమయం పక్కనే అదీ నమోదవుతుంది. టీజెడ్ వేరియబుల్‌ని యూటీసీకి మార్చి కమిట్ చేయండి.

బగ్ రిపోర్టులో లాగ్ అతికించే ముందు హోమ్ ఫోల్డర్ పాత్‌లో మీ పేరుందేమో, బ్రిడ్జ్ లైన్లు (బహిరంగ జాబితాలో లేని టార్ రిలేల అడ్రస్‌లు) ఉన్నాయేమో చూడండి. సి టార్‌లో సేఫ్‌లాగింగ్ మామూలుగా 1 మీదే ఉంటుంది, సున్నితమైన అడ్రస్‌లని చెరిపేస్తుంది. డీబగ్ కోసం దాన్ని 0 చేసి, ఆ లాగే యథాతథంగా బహిరంగంగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

రాత్రిగువ్వ:
చాలా థ్యాంక్సండీ. ఫస్ట్ కాంట్రిబ్యూషన్ లేబుల్‌తో ఒక ఇష్యూ (చేయాల్సిన పని) దొరికింది. ఆర్నెల్ల కిందట ఒకరు చేస్తానన్నారు, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. నేను తీసుకోవచ్చా? కనెక్షన్ తెగినప్పుడు అవతలి అడ్రస్‌ని లాగ్‌లో రాస్తే డీబగ్ సులువని నా ఆలోచన.

గోడచాటు:
తీసుకోవచ్చు. "ఇంకా చేస్తున్నారా? లేకపోతే ఈ పద్ధతిలో నేను చేస్తాను" అని పద్ధతి రెండు వాక్యాల్లో రాసి ఒక వారం ఆగండి. "నాకు అసైన్ చేయండి" అని మాత్రమే రాసే కామెంట్‌కి సాధారణంగా జవాబు రాదు. అన్నట్టు, టార్ గిట్‌ల్యాబ్ (కోడ్, ఇష్యూలు ఉండే సైటు) ఖాతాకి అభ్యర్థన పెట్టాలి, దాన్ని మనుషులు చూసి ఒప్పుకుంటారు. ఈరోజే అడిగి పెట్టండి.

ఆ లాగ్ ఆలోచన మాత్రం అలాగే పంపితే వెనక్కి వస్తుంది. యూజర్ డిస్క్ మీద అడ్రస్ రాశామంటే, రేపు ఆ మెషిన్ ఎవరి చేతిలో పడితే వాళ్లకి అది దొరికినట్టే. ఆర్టిలో దీనికే సేఫ్‌లాగ్ అనే క్రేట్ ఉంది, విలువని సెన్సిటివ్ టైపులో చుట్టి ఇవ్వండి.

రివ్యూలో పట్టుకునేవి మరికొన్ని. రహస్య విలువల్ని మామూలుగా పోల్చకూడదు: సి లో పోల్చే ఫంక్షన్ మెమ్‌సీఎంపీ మొదటి తేడా దగ్గరే ఆగిపోవచ్చు, పట్టిన సమయాన్ని బట్టి ఎంతవరకు సరిపోయిందో ఊహించొచ్చు. సి టార్‌లో దాని బదులు టార్ మెమ్ఈక్యూ వాడతారు, పైథాన్‌లో హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లో కంపేర్ డైజెస్ట్ ఉంది. చిన్న సౌకర్యం కోసం కొత్త డిపెండెన్సీ (బయటివాళ్లు రాసిన లైబ్రరీ) చేర్చకండి, దాని కోడ్‌నీ, దాన్ని రాసేవాళ్లనీ కూడా నమ్మాల్సి వస్తుంది. ఫార్మాటింగ్ మార్పుల్ని బగ్ సవరణతో కలపకండి. మీ మార్పు తీసేస్తే ఫెయిలయ్యే టెస్టు ఒకటి జతచేయండి. రివ్యూయర్‌కి మీ వివరణ కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ప్రయోగాలు అసలు నెట్‌వర్క్ మీద వద్దు, అక్కడ నిజమైన మనుషులున్నారు. చట్నీ అనే టూల్‌తో (పేరు నిజంగా అదే) మీ మెషిన్‌లోనే బుల్లి టార్ నెట్‌వర్క్ కట్టుకోవచ్చు. యూజర్ ఎవరో బయటపడే బగ్ ఏదైనా తగిలితే ఇష్యూ తెరిచేటప్పుడే కాన్ఫిడెన్షియల్ టిక్ పెట్టండి. తర్వాత పెడదామంటే అప్పటికే నోటిఫికేషన్ మెయిళ్లు వెళ్లిపోయి ఉండొచ్చు.

పాతతీగ:
పరీక్షల రోజుల్లో కోడ్‌కి తీరిక లేకపోతే స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేసి ఉంచండి. సెన్సార్‌షిప్‌లో ఉన్నవాళ్లని టార్‌కి చేర్చే తాత్కాలిక ప్రాక్సీ అవుతుంది. వెబ్‌సైట్లకి ట్రాఫిక్ మీ ఐపీ నుంచి వెళ్లదు, ఆ పని ఎగ్జిట్ రిలేది (టార్‌లో చివరి మెషిన్). కాలేజీ నెట్‌వర్క్ అయితే వాళ్ల నియమాలు ఒకసారి చూసుకోండి. ఎగ్జిట్ రిలే మాత్రం హాస్టల్ నుంచి వద్దు, దుర్వినియోగం ఫిర్యాదులన్నీ ఆ ఐపీకే వస్తాయి.