300 వాట్ల ప్రీబిల్ట్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు? పవర్ సప్లై మార్చకుండా కుదురుతుందా?

కొత్తచేయి:
కంపెనీయే బిగించి అమ్మిన ప్రీబిల్ట్ మినీ టవర్ కంప్యూటర్ ఉంది. ఐ5-10400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 1080పీలో గేములు ఆడేలా చేసుకోవాలి, ఆర్‌టీఎక్స్ 4060 అనుకుంటున్నా. పవర్ సప్లై 300 వాట్లు. మూత తీసి చూస్తే గ్రాఫిక్స్ కార్డుకి కరెంటిచ్చే 6 పిన్, 8 పిన్ వైర్లు ఒక్కటీ లేవు. డిస్కులకి కరెంటిచ్చే సాటా పవర్ ప్లగ్ ఒకటి ఖాళీగా ఉంది. దానికి సాటా నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్ తగిలిస్తే నడుస్తుందా? కార్డుకి ఉన్న జాగా స్కేలుతో కొలిస్తే 22 సెంటీమీటర్లు.

మూడోస్లాట్:
ముందు ఇంకో 8 జీబీ స్టిక్ వేయండి. ఒకే స్టిక్‌తో ఏ కార్డు పెట్టినా గేము మధ్యమధ్యలో తడబడుతుంది.

వాట్లలెక్క:
4060 నడుస్తుంది. లెక్క చూద్దాం. కార్డు 115 వాట్లు. 10400 మీద 65 అని రాసి ఉంటుంది, గేముల్లో ఇంచుమించు అంతే తీసుకుంటుంది, 70 వేసుకోండి. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి 40. మొత్తం 225. 300 వాట్ల సప్లైకి ఇంకా 75 మిగులుతుంది. 550 వాట్లు ఉండాలని కార్డు పెట్టె మీద రాసేది నాసిరకం సప్లైలను కూడా దృష్టిలో పెట్టుకుని.

స్క్రూడ్రైవర్:
10400కి పవర్ లిమిట్ రెండుంటాయి. మామూలుగా 65, బూస్ట్‌లో 28 సెకన్ల పాటు 134. గేము లోడయ్యేటప్పుడు, షేడర్లు (గేము బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు కోర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. 134, 115, 40 కలిపితే 289. కార్డు క్షణకాలం లాగే స్పైకులు ఇందులో లేనే లేవు. పైగా పెట్టె మీది 300 అన్ని వోల్టేజీలకూ కలిపి. కార్డుకీ సీపీయూకీ కావాల్సింది 12 వోల్టుల లైను. కొత్తచేయి గారూ, సప్లై స్టిక్కర్ మీద 12 వోల్టుల ఎదురుగా ఏముందో రాయండి.

కొత్తచేయి:
12వీఏ 18 ఆంపియర్లు, 12వీబీ 16 ఆంపియర్లు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో రెండూ కలిపి గరిష్ఠం 288 వాట్లు.

నిశి:
18, 16 కలిపితే 34 ఆంపియర్లు. 12తో గుణిస్తే 408 వాట్లు కదా! ఇంకేం కావాలి?

స్క్రూడ్రైవర్:
అలా కూడకూడదండీ. ఒక్కో లైను విడిగా అంతవరకు ఇవ్వగలదు, రెండూ కలిసి 288 దాటకూడదు. ఆ చిన్న అక్షరాలు చెప్పేది అదే.

వాట్లలెక్క:
288 అన్నా నా 225కి సరిపోతుంది. గేము నడుస్తుండగా కార్డూ సీపీయూ ఒకే క్షణంలో గరిష్ఠానికి వెళ్లడం అరుదు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రాము) గానీ ఇంటెల్ ఎక్స్‌టీయూ అనే ప్రోగ్రాములో గానీ బూస్ట్ లిమిట్ 65కి తగ్గించుకోండి. ఆ 28 సెకన్ల గొడవే ఉండదు.

స్క్రూడ్రైవర్:
చాలా ప్రీబిల్టుల్లో బయాస్ ఆ సెట్టింగే చూపించదు, ఎక్స్‌టీయూ మీటను కదలనివ్వదు. సరే, 225 ఒప్పుకుందాం. ఆ కరెంటు కార్డు దాకా ఏ దారిలో వెళ్తుంది? సాటా ప్లగ్‌లో 12 వోల్టుల పిన్నులు 3. ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డు మీది 8 పిన్ సాకెట్ 150 వాట్ల దాకా తీసుకోవడానికి చేసినది. అందులో 2 సెన్స్ పిన్నులుంటాయి. అవి గ్రౌండ్‌కి కలిసి ఉంటే పూర్తి 8 పిన్ వైరు వచ్చిందని కార్డు అనుకుంటుంది. అడాప్టర్ ఆ రెంటినీ గ్రౌండ్‌కి కలిపేసి కార్డుని నమ్మిస్తుంది, వెనక ఉన్నది 54 వాట్ల ప్లగ్. ముందు పిన్ను వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ను పట్టు వదులవుతుంది, పట్టు వదిలిన చోట వేడి ఇంకా పెరుగుతుంది. గంటల తరబడి బాగానే నడిచి తరవాత కాలేది అందుకే.

వాట్లలెక్క:
115లో సగం దాకా కార్డు గుచ్చే బోర్డు స్లాటే ఇస్తుంది. మిగిలింది ఇంచుమించు 60. 54కీ 60కీ అంత తేడా ఏముంది?

స్క్రూడ్రైవర్:
లిమిట్ దాటి నడపడమే తేడా. స్లాట్ నుంచి ఎంత, ప్లగ్ నుంచి ఎంత అన్నది కార్డు డిజైన్‌ని బట్టి ఉంటుంది. సగం సగం అని మీరు అనుకుంటే అది పంచుకోదు.

పైకప్పు:
ఇంత గొడవెందుకు? మామూలు 550 వాట్ల ఏటీఎక్స్ సప్లై వేసేయండి.

స్క్రూడ్రైవర్:
వేసే ముందు మదర్‌బోర్డు మీద ఏటీఎక్స్ సప్లై తగిలించే 24 పిన్ సాకెట్ ఉందో లేదో చూడాలి. ప్రీబిల్టుల్లో చాలావాటికి కంపెనీ సొంత 6 పిన్నో 8 పిన్నో ఉంటుంది. మార్చే వైర్లు దొరుకుతాయి. కానీ ఏ పిన్ను ఎక్కడన్నది కంపెనీని బట్టే కాదు, మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. కొన్ని బోర్డులు స్టాండ్‌బైలో (మెషీన్ ఆపి ఉన్నా ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు) కూడా 12 వోల్టులే అడుగుతాయి, ఏటీఎక్స్ సప్లై స్టాండ్‌బైలో ఇచ్చేది 5. ప్లగ్ సరిగ్గా కూర్చున్నా కరెంటు తప్పుగా వెళ్తే పోయేది బోర్డు.

కొత్తచేయి:
ఇప్పుడే మళ్లీ మూత తీశాను. 24 పిన్ లేదు. బోర్డుకి 6 పిన్ ప్లగ్ ఒకటి, సీపీయూ పక్కన 4 పిన్ ఒకటి. ఇంకో సంగతి. ఆ ఖాళీ సాటా వైరు సప్లై నుంచి రావట్లేదు. బోర్డు మీది చిన్న సాకెట్ నుంచి బయల్దేరి డిస్కుకి వెళ్తోంది, మధ్యలో ఉన్న ప్లగ్గే ఖాళీది.

స్క్రూడ్రైవర్:
అయితే అడాప్టర్ మాట పూర్తిగా మర్చిపోండి. ఆ వైరులోని కరెంటు బోర్డు మీది సన్నటి రాగి గీతల గుండా వస్తుంది. డిస్కుల కోసం వేసిన గీతలవి. కాలితే ప్లగ్ కాదు, బోర్డే పోతుంది.

వాట్లలెక్క:
సరే, బోర్డు నుంచి వచ్చే సాటా అయితే వద్దు. అది ఒప్పుకుంటున్నా. కానీ ఈ వేదికలో ప్రీబిల్ట్ గురించి ఎవరు అడిగినా చర్చ చివరికి "ఆ డబ్బా పనికిరాదు, కొత్తది కొనుక్కో" దగ్గరే తేలుతుంది. ఆ మాట విని శుభ్రంగా నడిచే మెషీన్లను మూలన పడేసినవాళ్లున్నారు. 6 కోర్లున్న ప్రాసెసర్ అది, మంచి కార్డు పడితే ఇంకా చాన్నాళ్లు పనిచేస్తుంది. నా బాధంతా అదే, 60 వాట్ల మీద కాదు.

స్క్రూడ్రైవర్:
ఆ మాట ముందే అనుంటే ఇంత రాయక్కర్లేకపోయేది. డబ్బా పారేయమని నేను ఒక్క చోటా అనలేదు. డబ్బాలో పట్టే కార్డు వేయమంటున్నా. మనకి నచ్చిన కార్డుని దాంట్లోకి కుక్కడం వేరు. లెక్క తప్పితే నష్టపోయేది అడిగినాయన, మనం కాదు.

వాట్లలెక్క:
మరి పట్టే కార్డు పేరు చెప్పండి. వద్దు అని చెప్పి ఊరుకుంటే ఆయనకేం ఉపయోగం?

స్క్రూడ్రైవర్:
ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 70 వాట్లు. స్లాట్ 75 దాకా ఇస్తుంది కాబట్టి వైరు అక్కర్లేదు. సీపీయూ 134కి లేచినా మొత్తం 244, సప్లై హద్దు 288. కొనేటప్పుడు ఒక్కటి చూడండి. 8 జీబీది కూడా 3050 పేరుతోనే వస్తుంది, దానికి విడిగా పవర్ వైరు కావాలి. కార్డు ఫొటోలో పై అంచున సాకెట్ లేకుండా ఉన్నదే తీసుకోండి.

నిశి:
ఆర్‌ఎక్స్ 6400 కూడా వైరు లేకుండానే నడుస్తుంది, 53 వాట్లే. అది వద్దా?

వాట్లలెక్క:
ఈ మెషీన్‌కి వద్దు. 6400 బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి వాడేది 4 లేన్లే. ఆ దారి పేరు పీసీఐఈ. 10400 ఇచ్చేది పాత 3.0, ఆ కార్డు చేసింది 4.0కి. దారి సగానికి కుంచించుకుపోతుంది. వీడియో మెమరీ 4 జీబీయే కాబట్టి అది నిండిన గేముల్లో బాగా తెలుస్తుంది. 3050కి 8 లేన్లు, పెద్ద నష్టం ఉండదు. ఇక్కడ స్క్రూడ్రైవర్ గారు చెప్పిందే సరైనది.

కొత్తచేయి:
3050 6 జీబీ ఆర్డర్ పెట్టాను. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

స్క్రూడ్రైవర్:
ఆ కార్డులు చాలావరకు రెండు స్లాట్ల మందం. కింది చిన్న స్లాట్‌లో వైఫై కార్డుంటే అడ్డొస్తుంది, ఇప్పుడే చూడండి. బోర్డు మీది సాటా డేటా ప్లగ్గులు కార్డు కిందికి వస్తుంటే, నిటారుగా లేచే వైరు కూలర్‌కి తగులుతుంది. ఎల్ ఆకారం మూతి ఉన్న వైరు తెచ్చుకోండి.

పాత బయాస్‌తో కొత్త కార్డు బొమ్మ చూపించని సందర్భాలున్నాయి, అందుకే అప్‌డేట్ ఏదైనా ఉంటే కార్డు పెట్టకముందే చేసేయండి. తరవాత ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కేసు ఇనుము తాకి మొదలుపెట్టండి. వెనక రెండు రేకులు తీయాలి. కార్డు తిన్నగా దింపి, స్లాట్ చివరి లాక్ టిక్కుమనేదాకా నొక్కండి. స్క్రూ బిగించాక కార్డు రెండో చివర పైకి లేచిందేమో పక్కనుంచి చూడండి. లేస్తే పిన్నులు పూర్తిగా కూర్చోలేదన్నమాట.

మూడోస్లాట్:
మానిటర్ వైరు కార్డుకి మార్చడం మర్చిపోకండి. బోర్డుకే ఉంచితే చాలా ప్రీబిల్టుల్లో తెర నల్లగానే ఉంటుంది, కార్డు పాడైందనుకుంటారు.

కొత్తచేయి:
బిగించాను, వచ్చింది. ర్యామ్ రెండో స్టిక్ కూడా వేశాను. గేము అరగంట నడిపి, వాట్లూ వేడీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాములో చూశాను. సీపీయూ ప్యాకేజీ పవర్ గేములో 58 దగ్గర తిరుగుతోంది, లోడింగ్‌లో మాత్రం ఒకసారి 121 చూపించింది. కార్డు 70 దాటలేదు.

వాట్లలెక్క:
గేములో 58. నేను 70 అన్నాను.

స్క్రూడ్రైవర్:
లోడింగ్‌లో 121. నేను అన్నదీ అదే. కొత్తచేయి గారూ, కేసు మూత పెట్టేసి ఇంకో అరగంట నడిపి కార్డు వేడి ఎంతుందో రాయండి. ముందు వైపు ఫ్యాన్ లేకపోతే ఒకటి పెట్టాల్సి రావచ్చు.